పైకి పాతది, లోన కొత్తది

"పాతరోజులే బాగుండేవి" అన్న మాట మా వాడలో నేనెన్నడూ వినలేదు. ఊళ్లో విన్నాను. ఉద్యోగం వచ్చినంక స్టాఫ్ రూములో విన్నాను. ఇప్పుడు చందానగర్‌లో అపార్ట్‌మెంటు లిఫ్టులో కూడా వింటున్నాను. మా నాయిన గానీ, మా అవ్వ గానీ, మా నాయినమ్మ గానీ ఏ పొద్దూ పాతరోజుల కోసం బెంగపడలేదు. పాతరోజులంటే వాళ్లకు గంజి, వెట్టి, పటేలు ఇంటి ముందర కాళ్ల నుంచి చేతుల్లోకి వచ్చే చెప్పులు. వాటిని మళ్లీ రమ్మని ఎవరు పిలుస్తారు?

అట్లాంటి ఇంట్లో పుట్టిన నేను పాత నమూనా మోటారు సైకిలు కొన్నాను. పాత బండి కాదు. పాత బండిలాగా కనబడేటట్టు కొత్తగా చేసిన బండి. ఈ వ్యాసం దాని గురించే. బండి గొప్పలు చెప్పటానికి కాదు. ఒక దళితుడు ఒక వస్తువును ఇష్టపడితే అది ఎవరి ఇష్టం అవుతుంది, ఎవరికి లెక్క చెప్పాలి అన్న ప్రశ్న నన్ను వదలటం లేదు. అది మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే.

నాది క్లాసిక్ 350. 2021లో వచ్చిన రకం. గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టు ఆకారపు పెట్రోలు ట్యాంకు, ఊచల చక్రాలు. దూరం నుంచి చూస్తే 1950ల నాటి బండి అనుకోవాలి. లోపల మాత్రం అంతా ఇప్పటిదే. 349 సీసీ ఇంజను. కార్బొరేటరు లేదు, ఎంత పెట్రోలు పోవాలో ఒక చిన్న కంప్యూటరు లెక్కగడుతుంది. బటన్ నొక్కితే స్టార్టవుతుంది. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా ఏబీఎస్ ఉంది. బరువు 195 కిలోలు. ధర రెండు లక్షల పైచిలుకు. మూడేండ్ల వాయిదాల మీద తీసుకున్నాను. ప్రభుత్వ బడి పంతులు జీతంలోంచి నెలనెలా కటవుతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మోటారు బండి కొన్న మొదటివాణ్ణి కూడా నేనే.

కొన్న వారం రోజుల్లో రెండు ప్రశ్నలు వచ్చినయి. స్టాఫ్ రూములో ఒకాయన నవ్వుకుంటూ అడిగాడు: "ఏం సారూ, బుల్లెట్టు కూడా కోటాలో ఇస్తున్నరా?" సంఘంలో తిరిగే ఒక తమ్ముడు బాధపడుతూ అడిగాడు: "దొర బండి నీకెందుకన్నా?" ఒకరిది ఎగతాళి, ఒకరిది ప్రేమ. అయినా ఇద్దరూ అడిగింది ఒకటే. లెక్క చెప్పమన్నారు. మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేరు కుర్రాడు అదే బండి, అదే రంగు కొన్నాడు. అతన్ని ఎవరూ లెక్క అడగలేదు. "ఎంతిస్తుంది మైలేజీ?" అని మాత్రం అడిగారు.

ఎగతాళికి జవాబు చెప్పాల్సిన పని లేదు. తమ్ముడి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాలి. ఎందుకంటే దాంట్లో నిజం ఉంది.

మాది పాత మెదక్ జిల్లాలో ఒక ఊరు. తొంభైలలో మా ఊళ్లో ఒకే ఒక్క బుల్లెట్ ఉండేది. పటేలుది. అది పోతపోసిన ఇనుప ఇంజను బండి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. అమ్మీటరు ముల్లు చూసి, డికంప్రెషన్ లివరు పట్టుకొని, కిక్కు కొట్టాలి. ఒడుపు తెలియనివాణ్ణి కిక్కు రాడ్డు ఎదురు తన్నేది. ఆ బండి చప్పుడు చెరువు కట్ట మీది నుంచే వినబడేది. వినబడంగనే మా వాళ్లు బాట పక్కకు జరిగేవాళ్లు. మా నాయిన పటేలు దగ్గర జీతమున్నాడు. పాత సైకిలు ఒకటి ఉండేది. చప్పుడు వింటే సైకిలు దిగి నిలబడేవాడు. పటేలు ఇంటి ముందర ఎట్లాగూ దిగి నడిపించుకొనే పోవాలి. బండి ఇంకా కనబడక ముందే మనిషిని సైకిలు దింపే శక్తి ఆ చప్పుడుకు ఉండేది. అది ఇంజను శక్తి కాదు. నూరెకరాల భూమి శక్తి, కులం శక్తి. ఇంజను దానికి మైకు పెట్టింది.

కాబట్టి తమ్ముడు అడిగిన దాంట్లో నిజం ఉంది. నేను కొన్నది ఆ ఆకారాన్నే. ఆ డుగుడుగు చప్పుడునే. నా కోరిక నాదేనా? పటేలు కోరిక నా కడుపులో గుడ్డు పెట్టి పోయిందా? మనం ఎదిగినప్పుడు దొరలాగా ఎదగాలని ఎందుకు అనిపిస్తుంది? ఎం.ఎన్. శ్రీనివాస్ లాంటి సామాజిక శాస్త్రవేత్తలు కింది కులాలు పైకులాల ఆచారాలను అనుకరించటానికి సంస్కృతీకరణ అని పేరు పెట్టారు. నా బండి కూడా ఆ ఖాతాలోదేనా?

ఈ మాట ఒప్పుకునే ముందు మనకూ వాహనానికీ ఉన్న చరిత్ర ఒకసారి చూడాలి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ మొదటి మోటారు సైకిలు ఇంగ్లండులో 1901లో తయారైంది. ఆ సంవత్సరాన్ని కంపెనీ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. ఆ 1901 ప్రాంతంలోనే పదేండ్లు కూడా నిండని అంబేడ్కర్ తన అన్నతో, అక్క పిల్లలతో కలిసి గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరకు పోవటానికి మసూర్ స్టేషన్‌లో రైలు దిగాడు. మహార్ పిల్లలని తెలియంగనే ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరకు ఒకడు ఒప్పుకున్నాడు. కిరాయి రెట్టింపు. పైగా బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. ఆ రాత్రి వాళ్లకు తాగటానికి నీళ్లు పుట్టలేదు. 1929లో ఆయన బారిస్టరై, ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా చాలీస్‌గావ్‌కు పోయినప్పుడు టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకొని తోలటానికి ఒప్పుకోలేదు. టాంగాను మాత్రం కిరాయికి ఇచ్చారు. తోలటం రాని మన మనిషి పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద టాంగా తిరగబడి అంబేడ్కర్ కాలు విరిగింది. విదేశాల్లో చదివిన మనిషిని కూడా ఈ దేశంలో బండి ఎక్కనీయలేదు.

1893లో తిరువాన్కూరులోని వెంగానూరులో అయ్యంకాళి ఒక విల్లుబండి కొన్నాడు. రెండెడ్లు, మెడలో గంటలు. తెల్లబట్టలు కట్టుకొని, పులయలు నడవగూడని బాట మీద దాన్ని తోలించాడు. అయ్యంకాళి చేసింది జమీందారును అనుకరించటమా? జమీందారుదీ విల్లుబండే, అయ్యంకాళిదీ విల్లుబండే. జమీందారు ఎక్కితే అది అలవాటు. అయ్యంకాళి ఎక్కితే అది తిరుగుబాటు. వస్తువు ఒకటే అయినా పని ఒకటి కాదు.

మన మీద పెట్టిన నిషేధాలు గుడికీ బావికీ మాత్రమే కాదు. వస్తువులకు కూడా. ఇండోర్ ప్రాంతంలో బలాయీలు జరీ అంచు తలపాగాలు కట్టరాదని, రంగు అంచు ధోవతులు కట్టరాదని, ఆడవాళ్లు వెండి బంగారు నగలు పెట్టరాదని 1928లో పైకులాలవాళ్లు శాసనం చేసిన సంగతి అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో చెప్పాడు. అది పాత సంగతి అనుకోవద్దు. 2018 మార్చిలో గుజరాత్ భావ్‌నగర్ జిల్లాలో గుర్రం కొనుక్కొని స్వారీ చేసిన 21 ఏండ్ల దళిత యువకుణ్ణి చంపారు. గుర్రమే కారణమని కుటుంబం చెప్పింది. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత కాలేజీ విద్యార్థి చేతుల మీద నరికారు. "మా ముందర బుల్లెట్ నడుపుతావా" అని నరికారని అతని కుటుంబం చెప్పింది. అతను నడిపింది నేను నడిపే కంపెనీ బండే. ఆ వార్త చదివిన రోజు నేను హ్యాండిల్ మీద నా చేతులు చూసుకున్నాను.

కాబట్టి తమ్ముడికి నా మొదటి జవాబు ఇది. నిషేధించిన వస్తువును కోరుకోవటం అనుకరణ కాదు. ఆ వస్తువు మీద దొరకు మొదటి నుంచీ ఏ హక్కూ లేదు. మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో 1955 తర్వాత ఆ బండ్లు బిగించింది కార్మికులు. దాని మీద దొర కూర్చున్నాడు, అంతే. కూర్చున్నంత మాత్రాన బండి దొరదవుతుందా?

కానీ ఇక్కడితో ఆగితే నాకు నేను సర్దిచెప్పుకున్నట్టే అవుతుంది. తమ్ముడు ఇంకో మాట అడగొచ్చు. "సరే, మోటారు సైకిలు కొను. కొత్తగా కనబడేది కొను. పాత ఆకారమే ఎందుకు?" ఇది గట్టి ప్రశ్న.

బుల్లెట్ ప్రేమికుల్లో ఒక రకం మనుషులున్నారు. ఆదివారం పొద్దున్నే శంకర్‌పల్లి మీదుగా అనంతగిరి గుట్టలకు గుంపుగా పోయే వాళ్లలో కలుస్తారు. "ఇనుప ఇంజను ఉన్నదే అసలు బుల్లెట్. ఇప్పుడొచ్చేవన్నీ ఉత్త వేషాలు" అంటారు. "మా తాతది 1960ల బండి, రిపేరు చేయించి నడుపుతున్న" అంటారు. వినటానికి యంత్రాల మాటలాగే ఉంటుంది. కొంచెం చెవిపెట్టి వింటే మనకు బాగా తెలిసిన మాటే. అసలు, నకిలీ. పుట్టుక, వంశం. తాత నుంచి వచ్చింది శుద్ధం, బజారులో కొన్నది మైల.

నాకు తాత నుంచి వచ్చినవి ఒక డప్పు, ఒక ఆరె. అసలైన పాత బండి వారసత్వంగా వస్తుంది, లేకపోతే వారసుల దగ్గర లక్షలు పోసి కొనాలి. కొత్తగా చేసిన పాత నమూనా అట్లా కాదు. షోరూములో నిలబడి ఉంటుంది. దానికి తాత లేడు. వాయిదా కట్టినవాడు దాని యజమాని. వేషమే అనుకోండి. అయితే మాత్రం? ఈ దేశంలో మనిషిని పుట్టుకతో కాకుండా పనితో కొలవమని అడిగే మనం, బండిని మాత్రం పుట్టుకతో కొలుస్తామా? నా బండి చెడిపోకుండా నన్ను రోజూ బడికి చేరుస్తుంది. నూనె కారదు. కిక్కు ఎదురు తన్నదు. నాకది చాలు. శుద్ధమైన పాతదాని కంటే నిజాయితీ గల కొత్త నకలు నాకు నచ్చుతుంది.

అయితే పాత ఆకారాన్ని అమ్మేవాళ్లు ఆకారంతో పాటు ఇంకోటి కూడా అమ్ముతారు. ఒక జ్ఞాపకాన్ని. ఖాళీ బాటలు, కొండలు, సైనికుడు, పెద్దమనిషి. 1950ల మొదటి భాగంలో భారత సైన్యం సరిహద్దు గస్తీకి 800 బుల్లెట్లు తెప్పించిందన్న కథ. ఆ జ్ఞాపకంలో బాట పక్కకు జరిగిన మనిషి ఎక్కడా ఉండడు. మైసూరులో జావా, యెజ్డీ బండ్లు చేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. కార్మికులు రోడ్డున పడ్డారు. 2018లో జావా పేరుతో, 2022లో యెజ్డీ పేరుతో కొత్త కంపెనీ పాత నమూనా బండ్లు తెచ్చింది. ఆకారం తిరిగి వచ్చింది, పేరు తిరిగి వచ్చింది. ఆ కార్మికుల కొలువులు తిరిగి రాలేదు.

మా చందానగర్ నుంచి మియాపూర్ వైపు పోతే ఆల్విన్ క్రాస్‌రోడ్స్ వస్తుంది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు చేసింది. ప్రభుత్వ రంగంలో నడిచినన్నాళ్లు రిజర్వేషన్ల మీద మనవాళ్లకు కూడా అట్లాంటి చోట్ల కొలువులు దొరికినయి. తొంభైలలో ఆ కథ ముగిసింది. ఇప్పుడది ఒక బస్టాపు పేరు. పాత నమూనాలో కొత్తగా ఏది కట్టాలో నన్నడిగితే ఆల్విన్ లాంటి కొలువునే కట్టమంటాను. దానికి మాత్రం షోరూము లేదు. గతంలో దేనిని తిరిగి తేవాలో, దేనిని మరిచిపోవాలో తేల్చేది డబ్బున్నవాళ్లు. పాత రోజుల్లో వాళ్లకు బాగున్న భాగమే పాలిష్ పెట్టి మన ముందుకొస్తుంది.

ఈ ఆలోచనలతో నేను రోజూ నడిచే, నడిపే ఈ ప్రాంతాన్ని చూస్తే ఇంకో సంగతి తడుతుంది. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి ఈ వైపంతా కొత్త ఊరు లేచింది. అద్దాల మేడలు, ఫ్లైఓవర్లు, మెట్రో. అంతా కొత్తే. కానీ ఇల్లు కిరాయికి అడిగితే ఓనరు మొదట అడిగేది "మీరెవుర్లు?" అని. అమెరికాలో ఉన్న కోడలి కోసం కూడా కులం పేరు మీద పెట్టిన పెళ్లి సంబంధాల వెబ్‌సైటు ఉంటుంది. కార్తీకమాసం వస్తే ఇంజనీర్లు, మేనేజర్లు కులాల వారీగా వనభోజనాలకు పోతారు. పనిమనిషికి వేరే లిఫ్టు పెట్టిన అపార్ట్‌మెంట్లున్నాయి. ఈ కారిడార్ పక్కనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెలివేయబడ్డ దళిత విద్యార్థులు 2016 జనవరిలో ఆరుబయట గుడారం వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఆ నెల 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు.

నా బండి పైకి పాతది, లోన కొత్తది. ఈ సమాజం పైకి కొత్తది, లోన పాతది. నా బండిని చూసి ఎవరూ మోసపోరు. అది కొత్తదని అందరికీ తెలుసు. మోసపోయేది రెండోదాన్ని చూసే. అద్దం మేడను చూసి కులం పోయిందనుకుంటారు. ఆకారం మారితే ఇంజను మారినట్టేనని నమ్మమంటారు. కొన్నిచోట్ల ఆకారం కూడా మారలేదు. బండ్ల వెనక పెద్ద అక్షరాలతో కులం పేర్లు రాసుకొని తిరగటం మీరూ చూసే ఉంటారు. నా బండి వెనక నంబరు మాత్రమే ఉంది. జై భీమ్ రాయించమని తమ్ముడు అడిగాడు. ఆ మాట నోటితో చెప్తాను, పనితో చెప్తాను. కులం పేరు రాసినవాడికి పోటీగా బండి మీద దాన్ని రాయించలేను. ఇది నా పద్ధతి. రాయించుకునేవాళ్లను నేను తప్పుపట్టను. శివగంగలో, భావ్‌నగర్‌లో రాయాల్సిందే కావచ్చు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఒక వస్తువు దొరదా, మనదా అని ఎట్లా తేల్చాలి? ఎవరు కనిపెట్టారన్నది కొలత కాదు. ఎవరు ముందు వాడారన్నదీ కొలత కాదు. నా చేతిలో అది ఎవరికి ఏం చేస్తుందన్నదే కొలత.

మా అవ్వ చదువుకోలేదు. ఊరికి బండి తీసుకుపోయినప్పుడు వెనక ఎక్కించుకున్నాను. పటేలు ఇంటి ముందర నుంచి పోయినప్పుడు ఆమె ఏమీ అనలేదు. భుజం మీద చెయ్యి మాత్రం గట్టిగా పట్టింది. వాడలోకి రాంగనే అన్నది: "మెల్లగ పోనియ్యి బిడ్డా. కూలికి పోయొచ్చి పండుకున్నరు. సప్పుడుకు పోరగాండ్లు లేస్తరు." ఎన్ని పుస్తకాలు చదివినా నాకు అంత సూటిగా తోచలేదు. ఊరి ముందర ఆ చప్పుడు వినబడాలి. వాడలో తగ్గాలి. నాయినను సైకిలు దింపిన చప్పుడు నా బండిలో కూడా ఉంది. అది ఎవరి వైపు తిరుగుతున్నదో చూసుకోవటం నా పని.

చందానగర్‌లో పొద్దున ఐదున్నరకు రోడ్లు ఊడ్చేది మనవాళ్లే. ఎక్కువమంది ఆడవాళ్లు. వెనక నుంచి బుల్లెట్ చప్పుడు వస్తే చీపురు పట్టుకొని పక్కకు జరుగుతారు. అదే బాట, అదే చప్పుడు, అదే జరగటం. నడిపేవాడు మాదిగ పంతులైతే ఆమెకు ఏం తేడా? ఆమె అట్లా జరగాల్సి వస్తే నేను కొన్నది ఆకారాన్ని మాత్రమే కాదు, ఆ గతాన్ని మొత్తంగా కొన్నట్టు. అందుకే కంపెనీ సైలెన్సరును మార్చలేదు. "తీసేసి ఇంకోటి వేయిస్తే చప్పుడు అదిరిపోతది సార్" అని మెకానిక్ కుర్రాడు చెప్పాడు. వద్దన్నాను. ఊడ్చేవాళ్లు కనబడితే నేనే పక్కకు తీసి పోతాను. ఇది జాలి కాదు. బాట మీద ఎవరు ఎవరికి జరగాలన్న పాత లెక్కను తిప్పి రాయటం.

ఇందులో గొప్పేమీ లేదు. మనకు నాలుగు పైసలు రాంగనే మనకంటే కింద ఇంకొకరిని వెతుక్కునే జబ్బు మనలోనూ ఉంది. మాల మాదిగల మధ్య, మాదిగ డక్కలి మధ్య, ఉద్యోగికీ కూలికీ మధ్య, మొగుడికీ పెండ్లానికీ మధ్య. బండి మీద ఎక్కినవాడికి నేల మీది మనిషి చిన్నగా కనబడతాడు. సీటు ఎత్తు అట్లాంటిది. వస్తువును కోరుకోవద్దని నేననను. కోరికను చంపుకొమ్మని మనకు చాలామంది చెప్పారు, చెప్పినవాళ్లెవరూ తమ కోరికలు చంపుకోలేదు. యంత్రాలు మనిషికి విడుపునిస్తాయని, వెనకటి కాలానికి పోవటం మనకు మేలు కాదని అంబేడ్కర్ చెప్పనే చెప్పాడు. కోరుకుందాం, కొనుక్కుందాం. కొన్న తర్వాత దాని చప్పుడుకు ఎవరు ఉలిక్కిపడుతున్నారో కూడా చూద్దాం.

మనకూ ఒక పాత నమూనా ఉంది. 1893 నాటి విల్లుబండి. దాన్ని ఏ కంపెనీ మళ్లీ తయారుచేయదు. ఆ బండి పోయిన బాట మీద వెనక నడిచేవాళ్లకు దారి దొరికింది. బండి తర్వాత అయ్యంకాళి బడి కోసం కొట్లాడాడు. మన పిల్లల్ని బడిలో చేర్చుకోమని ఏండ్లపాటు పోరాడాడు. నేను రోజూ బండి మీద పోయేది అట్లాంటి బడికే. అక్కడ నా బండి చుట్టూ మూగి ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూసే పిల్లల్లో మనవాళ్లే ఎక్కువ. "సార్, ఇది పాతదా, కొత్తదా?" అని అడుగుతారు. కొత్తదే అని చెప్తాను. మీరు చదువుకొని దీనికంటే మంచిది కొనండి అని కూడా చెప్తాను. కొన్నరోజున బాట మీద ఎవరినీ దించకండి అన్న మాట మాత్రం ఒక్కనాటితో చెప్పేది కాదు. దానికి ఐదో తరగతి దాకా టైముంది.